1/70 సడలిస్తే మన్యంలో గొడవలు తగ్గుతాయా?

ఘాట్‌రోడ్:
మా తాత పసుపు వ్యాపారానికి పాడేరు వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను పుట్టిందీ ఇక్కడే. అమ్మ ఆపరేషన్‌కు డబ్బు కావాలి. ఇల్లు అమ్ముదామంటే, గిరిజన ప్రాంత (ఏజెన్సీ) భూముల చట్టం 1/70 ప్రకారం గిరిజనేతరులకు అమ్మకూడదు, గిరిజనుల్లో కొనేవాళ్లు దొరకడం లేదు. 2025 ఫిబ్రవరిలో టూరిజం కోసం 1/70ని సవరించాలని స్పీకర్ అయ్యన్నపాత్రుడు గారు అన్నందుకు మన్యంలో 48 గంటల బంద్‌కు పిలుపు ఇచ్చారు. ఏటా ఈ టెన్షన్ ఎందుకు? మాలాంటివాళ్ల వరకైనా సడలించొచ్చు కదా?

అడ్డాకు:
అన్నా, అమ్మగారి సంగతి చదివి మనసు బాగోలేదు. అయినా సడలింపుకు నేను ఒప్పుకోను. 1959 రెగ్యులేషన్‌లో గిరిజనేతరులు తమలో తాము భూములు అమ్ముకునే వీలుండేది. అప్పుకింద ఒకసారి మా గిరిజనుల చేయి దాటిన చేను మళ్లీ మా వైపు చూసేది కాదు. ఆ దారి మూసింది 1970 సవరణే, మనం 1/70 అనేది దాన్నే.

అరకు వైపు మా బంధువు ఒకాయన ఉన్నారు. పాస్‌బుక్కులో పేరు ఆయనదే. ఆ భూమిలో కాటేజీలు కట్టింది మాత్రం బయటివాళ్లు. శని, ఆదివారాలు కార్లు రాగానే ఆయన ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి గేటు తాళం తీస్తారు. తన భూమికి తనే కాపలా! చట్టం ఉండగానే ఇలా ఉంటే, సడలించాక ఆ పాస్‌బుక్కూ మిగలదు.

నీ కష్టానికి దారి ఆ చట్టంలోనే ఉంది. కొనే గిరిజనుడు దొరక్కపోతే ఏజెంటుకు, అంటే కలెక్టరుకు, దరఖాస్తు పెట్టుకోవచ్చు. ప్రభుత్వమే పరిహారమిచ్చి తీసుకోవచ్చు. తాతగారి కాగితాలు మాత్రం గట్టిగా ఉండాలి. ఏజెన్సీలో గిరిజనేతరుల దగ్గరున్న ఆస్తి గిరిజనుల నుంచి వచ్చిందనే చట్టం ముందు అనుకుంటుంది. కాదని చూపించాల్సింది మీరే.

ఘాట్‌రోడ్:
ఈ దరఖాస్తు సంగతి ఇన్నేళ్లలో ఒక్కరూ చెప్పలేదు. పెడితే ఎన్నాళ్లకు తేలుతుంది? ఆపరేషన్ ఆగదు కదా.

అడ్డాకు:
అడగాల్సింది అదే అన్నా. పరిహారానికి గడువు పెట్టమని మీరు అడగండి, మేమూ మీతో సంతకం చేస్తాం. బినామీ కాటేజీల మీద విచారణ జరపమని మేం అడుగుతాం, మీరూ చేయండి. రెండూ ఒకే అర్జీలో రాసి ముందు గ్రామసభలో చదువుదాం. తాతగారి కాగితాలు తీసి ఉంచు, సంత రోజు పాడేరు వస్తాను.