పెళ్ళికి ఇంతమందే రావాలన్న హద్దు మళ్ళీ పెట్టాలా, ఎవరి జాగ్రత్త వాళ్ళకే వదిలేయాలా?

నిర్వాహకుడు
కోవిడ్ వేళ, 2020 మేలో కేంద్రం పెళ్ళికి 50 మంది, అంత్యక్రియలకు 20 మంది అని హద్దు పెట్టింది. 2021 మే లాక్‌డౌన్‌లో తెలంగాణ పెళ్ళి అంకెను 40కి దించింది. రేపు గాలి ద్వారా పాకే ఇంకో జబ్బు వస్తే ఇదే దారా? లేక సమాచారం ఇచ్చి జనాన్ని నమ్మడమా? పార్టీల ఊసు వద్దు, ఇంట్లోవాళ్ళ కథలూ వద్దు. పనికొచ్చే వివరాలు రాయండి.

కృష్ణాతీరం
నా ఓటు జనాన్ని నమ్మడానికే. తెలంగాణలో మాస్కు లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా పెట్టారు కదా, అది ఎవరి మీద పడింది? ఖాళీ రోడ్డు మీద ఒంటరిగా బండి నడిపేవాడి మీద. వాణ్ణి ఆపడం తేలిక. తలుపులు బిగించిన ఏసీ గదిలో వందమంది కూర్చున్నా లోపలికి వెళ్ళి చలానా రాసేదెవరు? ఢిల్లీలో అయితే కారులో ఒక్కడే ఉన్నా మాస్కు ఉండాల్సిందేనని 2021 ఏప్రిల్‌లో హైకోర్టు తేల్చింది. 2022 ఫిబ్రవరిలో అదే కోర్టు, ఈ నిబంధన ఇంకా ఎందుకుందని మందలించాక ఎత్తేశారు.

బలవంతానికి పాత చరిత్ర కూడా ఉంది. 1897లో పుణెలో ప్లేగు వస్తే బ్రిటిష్ ప్లేగు కమిషనర్ ర్యాండ్ సిపాయిలను ఇళ్ళలోకి పంపి సోదాలు చేయించాడు. జనం రోగులను దాచిపెట్టడం మొదలుపెట్టారు. ర్యాండ్‌ను ఆ జూన్‌లో కాల్చారు. అదే ఏడాది ఫిబ్రవరిలో చేసిన అంటువ్యాధుల చట్టాన్నే 2020లో దుమ్ము దులిపి మన మీద వాడారు.

లెక్కల మాస్టారు
జరిమానా గురించి మీరన్నది నిజమే కృష్ణాతీరం గారూ. అయితే సొంత జాగ్రత్తకు ఒక చిక్కుంది. మనిషి ప్రమాదం కంటికి కనబడ్డాకే జాగ్రత్తపడతాడు. ఈ జబ్బు కంటికి ఆలస్యంగా కనబడుతుంది. కోవిడ్ మొదట్లో సోకిన అయిదారు రోజులకు లక్షణాలు, ఇంకో వారానికి ఆసుపత్రి. అంటే ఈ రోజు నిండిన పడకలు పన్నెండు రోజుల కిందటి సంగతి చెబుతున్నాయి. కేసులు నాలుగు రోజులకు రెట్టింపు అవుతున్నాయనుకోండి, ఆ పన్నెండు రోజుల్లో ఎనిమిదింతలు. పడకలు లేవని విని ఇంట్లో కూర్చునేసరికి రావాల్సిన రోగులందరికీ జబ్బు అంటుకునే ఉంటుంది. అందుకే ఎవరో ఒకరు ముందే చెప్పాలి, పడకలు ఖాళీగా ఉన్నప్పుడే చెప్పాలి. అప్పుడు చెబితే అతి చేస్తున్నారంటారు. ఆ తిట్లు పడటానికి ప్రభుత్వం ఉంది.

డక్టింగ్ పని
మీరిద్దరూ తలలు లెక్కపెడుతున్నారు. నేను గాలి లెక్క చెబుతాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్చిలో ఇచ్చిన సూచన ప్రకారం ఇళ్ళు కాని భవనాల్లో మనిషికి సెకనుకు 10 లీటర్ల బయటి గాలి అందాలి. 10 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న మినీ హాలు తీసుకోండి. 180 ఘనపు మీటర్లు. చట్టం ఒప్పుకున్న 50 మందినే కూర్చోబెట్టి, కిటికీలు బిగించి, మూడు స్ప్లిట్ ఏసీలు వేశారు. స్ప్లిట్ ఏసీ లోపలి గాలినే చల్లబరిచి మళ్ళీ లోపలికే వదులుతుంది, బయటి గాలి చుక్క కూడా తేదు. తలుపు సందుల్లోంచి గంటకు గది గాలిలో సగం మారిందనుకున్నా తలకు సెకనుకు అర లీటరే. కావలసిన దాంట్లో ఇరవయ్యో వంతు. మనుషులు ఊపిరితో వదిలే కార్బన్ డయాక్సైడ్ గంటలో 4,000 పీపీఎం (గాలి పది లక్షల వంతుల్లో 4,000) దాటుతుంది, అంటే ఒకరు వదిలిన ఊపిరినే ఇంకొకరు పీలుస్తున్నారు. బయట ఉండేది 420.

ఇప్పుడు 300 మందిని నాలుగు వైపులా తెరిచిన షామియానా కింద కూర్చోబెట్టండి. నిబంధన ప్రకారం ఇది నేరం, మినీ హాలు పెళ్ళి సక్రమం. ప్రమాదం మాత్రం తలకిందులు.

పెద్ద హాలు సంగతి. 30 × 20 × 5 మీటర్లు, 500 మంది. కావలసింది గంటకు 18,000 ఘనపు మీటర్ల గాలి, అంటే గంటకు ఆరుసార్లు హాలు గాలంతా మారాలి. గంటకు 5,000 లాగే ఎగ్జాస్ట్ ఫ్యాన్లు నాలుగు చాలు. అసలు తప్పు జరిగేది ఎక్కడంటే, ఫ్యాన్లు పెట్టి గాలి వచ్చే దారి మూసేస్తారు. లాగడానికి గాలి లేక ఫ్యాన్ ఊరికే తిరుగుతుంది. లేదంటే బాత్రూముల వైపు నుంచి, వంటశాల వైపు నుంచి లాగుతుంది. వాసన వస్తోందని మేనేజరు ఫ్యాన్లే కట్టేస్తాడు. ఫ్యాన్లు ఒక గోడకుంటే కిటికీలు ఎదుటి గోడకు తెరవాలి. ఫ్యాన్ పక్క కిటికీ తెరిస్తే వచ్చిన గాలి వచ్చినట్టే బయటికి పోతుంది, హాలు మధ్యలో కూర్చున్నవాళ్ళకు అందదు.

గుంటూరు_ఘాటు
వినడానికి బాగుందండీ. కానిస్టేబుల్ 50 తలలు లెక్కపెట్టగలడు, మీ ఘనపు మీటర్లు లెక్కపెట్టగలడా? అందరికీ అర్థమయ్యే మొరటు నిబంధనే నిలబడుతుంది. సూక్ష్మమైన నిబంధన పెడితే అది మామూళ్ళకు తలుపు.

డక్టింగ్ పని
ఘాటు గారూ, ఆయన లెక్కపెట్టనక్కర్లేదు, అంకె చదివితే చాలు. ముహూర్తం వేళ హాలు మధ్యలో కార్బన్ డయాక్సైడ్ మీటరు పెట్టాలి. మనిషికి 10 లీటర్లు అందుతుంటే 900 దగ్గర నిలుస్తుంది. 1,500 దాటితే కిటికీలు తెరిపించాలి, అప్పటికీ దిగకపోతే సగం మందిని బయటికి పంపాలి.

కొనేటప్పుడు లోపల ఎన్‌డీఐఆర్ సెన్సర్ (పరారుణ కాంతితో కార్బన్ డయాక్సైడ్‌నే నేరుగా కొలిచేది) ఉందో లేదో చూడండి. చవక మీటర్లు కొన్ని గాలిలోని ఇతర ఆవిరులను కొలిచి కార్బన్ డయాక్సైడ్ అంకెను ఊహిస్తాయి. అగరొత్తి వెలిగించినా, పన్నీరు చల్లినా వాటికి అంకె ఎగురుతుంది, పెళ్ళిలో అవి ఎందుకూ పనికిరావు. ముందు ఆరుబయట పెట్టి 420 దగ్గర చూపిస్తోందో లేదో చూసుకోవాలి. మనుషుల ముఖాలకు మీటరైనా దూరంలో ఉంచాలి, కిటికీ పక్కన పెడితే అబద్ధం చెబుతుంది. హోమం జరుగుతుంటే దానికి దూరంగా పెట్టండి, మంట కూడా కార్బన్ డయాక్సైడే వదులుతుంది. ఇంకో మాట, గాలిని వడకట్టే హెపా ఫిల్టరు యంత్రాలు వైరస్‌ను పట్టుకుంటాయి గానీ ఈ అంకెను దించవు. అవి ఉన్నచోట మీటరు ఒక్కదాన్నే చూసి తీర్పు చెప్పకండి.

మరొకటి కూడా గమనించండి. హాలు గాలి అతిథి చేతిలో లేదు. శుభలేఖ అందుకున్నవాడు మాస్కు పెట్టుకోగలడు, రాకుండా ఉండగలడు. కిటికీ తెరిచేది, ఫ్యాన్ వేసేది యజమాని. వ్యక్తిగత బాధ్యత అని ఎవరికి చెబుతున్నామో చూసుకోవాలి.

ఉత్తరధ్రువం
లాక్‌డౌన్ లేకుండా గడిపిందని చెప్పే స్వీడన్ పేరు ఎలాగూ వస్తుంది కాబట్టి ముందే రాస్తున్నాను. అక్కడ నిబంధనలే లేవన్నది తప్పు. 2020 మార్చిలోనే 500 మందికి మించిన సభలు నిషేధించారు, నెలాఖరుకు 50కి దించారు, ఆ నవంబరులో ఎనిమిదికి. పదహారేళ్ళలోపు పిల్లల బడులు నడిచాయి, పెద్ద తరగతులు, విశ్వవిద్యాలయాలు ఇంటి నుంచి. వృద్ధాశ్రమాలకు ఏప్రిల్ 1 నుంచి బయటివాళ్ళను రానివ్వలేదు, అయినా ఆ మొదటి అలలో ఎక్కువ దెబ్బతిన్నది అక్కడి వృద్ధులే. 2022 ఫిబ్రవరిలో విచారణ సంఘం రెండు మాటలూ చెప్పింది: బలవంతం కంటే సలహాల మీద ఆధారపడటం మౌలికంగా సరైనదే, కానీ మొదట్లో ఇంకా గట్టిగా, ఇంకా త్వరగా కదలాల్సింది. ఇరుపక్షాలూ తమకు నచ్చిన సగాన్నే చదువుతాయి.

ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. అక్కడ జబ్బు సెలవు మొదటి రోజుకు డబ్బు కోత ఉండేది. 2020 మార్చిలో ఆ కోతను తాత్కాలికంగా ఎత్తేశారు. దగ్గు వస్తే ఇంట్లో ఉండమన్న సలహా పనిచేసిందంటే దాని వెనక ఈ డబ్బు కూడా ఉంది.

రోజుకూలి_లెక్క
అదీ మాట. మన దగ్గర ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) ఉన్నవాడికి జబ్బు సెలవులో 70 శాతం జీతం, ఏడాదికి 91 రోజుల దాకా. అదీ నెలకు 21,000 లోపు జీతమైతేనే. ఆటో నడిపేవాడికి, హాల్లో వడ్డించే కుర్రాడికి ఏమీ లేదు. 2020లో తెలంగాణ తెల్లకార్డు ఇంటికి 1,500 రూపాయలు, తలకు 12 కిలోల బియ్యం ఇచ్చింది, ఆంధ్రప్రదేశ్ ఇంటికి వెయ్యి. వలస కూలీల మొదటి శ్రామిక్ రైలు లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు కదిలింది మే 1న, లాక్‌డౌన్ మొదలైన అయిదు వారాలకు.

ఇంట్లో విడిగా ఉండాలంటే విడి గది, గాలి ఆడే కిటికీ, వీలైతే విడి మరుగుదొడ్డి కావాలి. ఒకే గదిలో అయిదుగురు ఉంటే? తలుపు దగ్గర ఫ్యాన్ గాలి బయటికి పోయేలా తిప్పి పెట్టి, రోగిని దాని పక్కన పడుకోబెట్టి, మిగతావాళ్ళు ఎదుటి కిటికీ వైపు ఉండటం. ఇది బాధ్యతే. కానీ పదిరోజుల కూలి పోయినవాడికి ఫ్యాన్ దిక్కు గురించి పాఠం చెప్పడానికి ముఖం ఎలా వస్తుంది?

కృష్ణాతీరం
గాలి లెక్కకు నమస్కారం. హాలు యజమాని మీద నిబంధన పెట్టండి, నాకు అభ్యంతరం లేదు. నా పోరు అతిథి మీద లాఠీ గురించే. బంగ్లాదేశ్‌లో 600 గ్రామాల్లో జరిపిన ప్రయోగం చూడండి. ఇంటింటికీ ఉచితంగా మాస్కులు, సంతల్లో, మసీదుల దగ్గర మనుషుల్ని పెట్టి గుర్తుచేయడం, జరిమానా లేదు. వాడకం 13 శాతం నుంచి 42కి పెరిగింది. టీకా విషయంలోనూ 2022 మే 2న సుప్రీంకోర్టు ఎవరికీ బలవంతంగా వేయరాదనే చెప్పింది.

లెక్కల మాస్టారు
అదే ప్రయోగంలో సర్జికల్ మాస్కులకే స్పష్టమైన ఫలితం, గుడ్డ మాస్కులకు తేలలేదు. మన జరిమానా చలానాలో ఏ మాస్కో రాసి లేదు, ముక్కు కింద కర్చీఫు ఉన్నా సరిపోయింది. అదే తీర్పు టీకా విధానం నిర్హేతుకం కాదని కూడా అంది, అదీ రాయాల్సింది.

నిబంధనే గుంపును తయారుచేసిన చోటు కూడా ఒప్పుకోవాలి. 2021 మేలో తెలంగాణ ఉదయం 6 నుంచి 10 దాకా మాత్రమే సడలించింది, ఆంధ్రప్రదేశ్ 12 దాకా. రోజంతా విడివిడిగా వచ్చేవాళ్ళను నాలుగు గంటల్లోకి కుక్కితే రైతుబజారు కిటకిటలాడక ఏం చేస్తుంది? చెన్నై కోయంబేడు మార్కెట్ నుంచి 2020 మేలో జబ్బు చిత్తూరు, నెల్లూరు దాకా పాకాక అక్కడి కూరగాయల వ్యాపారాన్ని ఊరి బయటి తిరుమళిసైకి తరలించారు. గుంపును సమయంలో కుదించకుండా స్థలంలో పరచాలి.

గుంటూరు_ఘాటు
సరే, మీటరు ఒప్పుకున్నాను. భోజనాల హాలు సంగతి చెప్పండి. అక్కడ మాస్కు తీయాల్సిందే, అందరూ గట్టిగా మాట్లాడతారు.

డక్టింగ్ పని
అందుకే పెళ్ళి హాలు కంటే దానికే ఎక్కువ గాలి కావాలి, మన దగ్గర ఉండేది మాత్రం సెల్లార్‌లో. సెల్లార్‌కు ఎదురెదురు కిటికీలు ఉండవు, ర్యాంపు ఒక్కటే దారి. ఎంత ఫ్యాన్ పెట్టినా జనరేటర్ పొగ, బండ్ల పొగ లోపలికి వస్తాయి. అలాంటి చోట మీటరు కూడా వద్దు, బంతి భోజనాలు మేడమీదనో, పక్క ఖాళీ స్థలంలోనో పెట్టించాలి. బంతికి వందమంది చొప్పున, బంతికీ బంతికీ మధ్య ఆకులు తీసే పావుగంట ఎలాగూ ఉంటుంది. బఫే అయితే పళ్ళేలు పట్టుకుని అరగంట వరసలో ఒకరి మెడ మీద ఒకరు ఊపిరి వదలడమే.