2020లో శనివారం దాకా సాగిన అమెరికా ఎన్నికల లెక్క 2024లో ఒక్క పూటలో ఎలా తేలింది?

తెనాలి మాస్టారు:

అందరికీ నమస్కారం. నేను రిటైర్డ్ హెడ్మాస్టర్ని. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఎన్నికల డ్యూటీ తప్పించుకోలేదు, కౌంటింగ్ సూపర్‌వైజర్‌గా కూడా కూర్చున్నాను. పొద్దున ఎనిమిదింటికి పోస్టల్ బ్యాలెట్లు మొదలు, ఎనిమిదిన్నరకి ఈవీఎంలు. హాల్లో పద్నాలుగు టేబుళ్లు, జాలీకి అవతల ఏజెంట్లు. కంట్రోల్ యూనిట్ రాగానే సీలు నంబరు సరిచూసి, రిజల్ట్ బటన్ నొక్కి, అంకె ఏజెంట్లకి కనబడేలా మెషీను వాళ్ల వైపు తిప్పి పట్టుకోవాలి. వాళ్లు రాసుకున్నాకే పక్క అభ్యర్థి. రౌండు అయిపోతే బోర్డు మీదికెక్కుతుంది. భోజనాల వేళకి ఎవరు గెలిచేదీ హాల్లో అందరికీ అర్థమైపోతుంది, ప్రకటించడమే మిగులుతుంది.

మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో, జార్జియా రాష్ట్రంలో ఉంటారు. ఆ మమకారం కొద్దీ 2020లో ట్రంప్, బైడెన్ కౌంటింగ్ టీవీకి అతుక్కుపోయి చూశాను. నవంబర్ 3న పోలింగ్. బుధవారం మధ్యాహ్నం మన టైముకి పెన్సిల్వేనియాలో ట్రంప్ ఆరు లక్షల పైచిలుకు ఆధిక్యంలో ఉన్నాడు. మన దగ్గరయితే ఆ పాటికి టపాసులు కాల్చేస్తారు. శుక్రవారం సాయంత్రానికి ఆధిక్యమంతా కరిగి బైడెన్ ముందుకొచ్చేశాడు. శనివారం రాత్రి పదింటి దగ్గర గెలుపు ప్రకటించారు, అదీ టీవీల వాళ్లు! 2024లో మళ్లీ అవే రాష్ట్రాలు. బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటకల్లా పెన్సిల్వేనియా తేలింది, నాలుగు దాటేసరికి మొత్తం ఆట ముగిసింది.

ఆరు లక్షలు ఎలా కరుగుతాయి? ఒకసారి నాలుగు రోజులు, ఒకసారి ఒక్క పూట ఎందుకు? మా అపార్ట్‌మెంట్ గ్రూపులో అడిగితే ఒకాయన "అంతా మోసం" అన్నాడు, ఇంకొకాయన "మీకు తెలీదులెండి" అన్నాడు. రెండూ జవాబులు కావు. పార్టీల గొడవ పక్కన పెట్టి, లెక్కింపు పని తెలిసినవాళ్లు చెప్పండి.

కూకట్‌పల్లి కుర్రాడు:

మాస్టారూ, ముందుగా ఒక మాట. దేశం మొత్తానికి ఒకే చోట ఫలితం చెప్పే మన ఎన్నికల సంఘం లాంటిది అక్కడ లేదు. ఫెడరల్ ఎలక్షన్ కమిషన్ అని ఒకటుంది గానీ అది చూసేది చందాలు, ఖర్చులు. ఓట్లు లెక్కపెట్టేది కౌంటీలు (మన జిల్లాల్లాంటివి), కొన్నిచోట్ల ఊళ్లు. ఆ అంకెలన్నీ పోగేసి చెప్పే పని అసోసియేటెడ్ ప్రెస్ అనే వార్తాసంస్థ 1848 నుంచీ చేస్తోంది. అధికారికంగా అయితే రాష్ట్రాలు సర్టిఫై చెయ్యాలి, డిసెంబర్లో ఎలక్టర్లు (అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడానికి రాష్ట్రాల తరఫున ఉండే ప్రతినిధులు) ఓటెయ్యాలి, జనవరి 6న కాంగ్రెస్‌లో ఆ ఓట్లు లెక్కపెట్టాలి. అప్పటిదాకా ఎవరూ ఆగలేరు కాబట్టి టీవీల మాట చెల్లుబాటవుతోంది.

గ్విన్నెట్ రావు:

నమస్తే మాస్టారూ. మీ అమ్మాయి వాళ్ల రాష్ట్రంలోనే ఉంటాను, అట్లాంటాకి ఈశాన్యాన. పౌరసత్వం వచ్చాక ఎన్నికలప్పుడు పోల్ వర్కర్‌గా చేస్తున్నాను. కాబట్టి మీ భాషలోనే చెప్పడానికి ప్రయత్నిస్తాను.

మా పోలింగ్ కేంద్రంలో ఓటరు తెర మీద నొక్కితే కాగితం బ్యాలెట్ అచ్చయి వస్తుంది. అది తీసుకెళ్లి స్కానర్లో పెడతాడు. అంటే లెక్క అక్కడే, అప్పుడే అయిపోతోంది. రాత్రి ఏడింటికి తలుపులు మూశాక స్కానర్లోంచి టేపు తీస్తాం. సూపర్ మార్కెట్ బిల్లులా పొడుగ్గా వస్తుంది, చుట్టుకుపోతూ ఉంటుంది. పొద్దున ఐదింటి నుంచి నిలబడ్డ కాళ్లతో దాన్ని టేబుల్ మీద పరిచి, స్కానర్ మీది అంకెతో సరిచూసుకుని సంతకాలు పెడతాం. మెమరీ కార్డు సీలువేసిన సంచిలో కౌంటీ ఆఫీసుకి వెళ్తుంది. అందుకే ఆ రోజు వచ్చి వేసినవాళ్ల ఓట్లు తొందరగా టీవీకెక్కుతాయి.

పోస్టల్ ఓటుది వేరే కథ. పై కవరు మీద సంతకం, వివరాలు సరిచూడాలి. దాన్ని కోసి లోపలి కవరు తియ్యాలి. ఎవరి ఓటో తెలియకుండా రెండూ విడదీసి, ఆ తర్వాత లోపలిది కొయ్యాలి. కాగితం మడతలు విప్పి చదును చెయ్యాలి, లేకపోతే స్కానర్ మింగదు. ఒక్కో కవరుకీ ఇంత తతంగం.

ఈ పని ఎప్పుడు మొదలుపెట్టవచ్చో రాష్ట్రానికో చట్టం. మీ ఆరు లక్షల రహస్యం ఇక్కడే ఉంది. ఫ్లోరిడాలో పోలింగ్‌కి చాలా రోజుల ముందే కవర్లు తెరిచి సిద్ధం చేసుకుంటారు. 2000లో 537 ఓట్ల తేడా మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లి నవ్వులపాలైన రాష్ట్రం కదా, చట్టాలు మార్చుకుంది. అంచేత పోలింగ్ ముగిసిన కాసేపటికే పోస్టల్ ఓట్లు గుట్టగా వచ్చి పడతాయి. పెన్సిల్వేనియాలో పోలింగ్ రోజు పొద్దున ఏడింటి దాకా కవరు ముట్టుకోకూడదు. కోవిడ్ వల్ల 2020లో అక్కడ పోస్టల్ ఓట్లు దాదాపు 26 లక్షలు. పోస్టల్ ఓటుని నమ్మొద్దని ట్రంప్ నెలల తరబడి చెప్పాడు, ఆయన మద్దతుదారులు బూత్‌కే వెళ్లారు. పోస్టల్ ఓట్లలో నాలుగింట మూడొంతులు బైడెన్‌వి. మన దగ్గర పోస్టల్ ముందు, మెషీన్లు తర్వాత. అక్కడ ఆ ఏడాది ఆచరణలో తిరగబడింది. మొదటి రాత్రి మీరు చూసింది ఎక్కువగా ట్రంప్ పెట్టెలే. చివరికి బైడెన్‌కి మిగిలింది 80,555 ఓట్ల ఆధిక్యం.

ఇది ఒక పార్టీకే కలిసొచ్చిందని ఎవరన్నా అంటే అరిజోనా చూపించండి. అక్కడ ముందుగా అందిన పోస్టల్ ఓట్లు ముందే లెక్కపెట్టి పెట్టుకుంటారు, అవే మొదట ప్రకటిస్తారు. కాబట్టి బైడెన్ ఆధిక్యం మొదట లక్ష దాటి ఉంది. ఆలస్యంగా తెచ్చి ఇచ్చిన కవర్లు, బూత్ ఓట్లు కలుస్తున్న కొద్దీ అది రోజూ అరిగిపోతూ 10,457 దగ్గర ఆగింది. ఫాక్స్ న్యూస్ ఆ రాత్రే అరిజోనా బైడెన్‌ది అనేసింది, అసోసియేటెడ్ ప్రెస్ తెల్లవారుజామున అంది. మిగతా ఛానళ్లు వారం పైగా నోరు విప్పలేదు. చివరికి ఆ మాట నిజమైంది గానీ, నా దృష్టిలో అది తొందరపాటే. 0.3 శాతం తేడాతో బయటపడ్డ జోస్యాన్ని జోస్యం అనను.

ఇక మా జార్జియా. శుక్రవారం తెల్లవారుజామున క్లేటన్ కౌంటీ పోస్టల్ ఓట్లతో బైడెన్ ముందుకొచ్చాడు. తర్వాత దాదాపు 50 లక్షల బ్యాలెట్లు మళ్లీ చేత్తో లెక్కపెట్టారు. ఇద్దరిద్దరు కూర్చుని, ఒకరు కాగితం చూసి పేరు పైకి చదవడం, రెండోవారు సరిచూసి కట్టలో పెట్టడం. మీకు పాత బ్యాలెట్ పేపర్ల రోజులు గుర్తొస్తాయి. ఫ్లాయిడ్ కౌంటీలో అసలు స్కానే కాని 2,600 దాకా ఓట్లు అప్పుడే బయటపడ్డాయి. ఫయెట్ కౌంటీలో 2,755 ఓట్లున్న మెమరీ కార్డు అప్‌లోడ్ చెయ్యడం మరిచిపోయారు. వాటితో ట్రంప్‌కి కొంత కలిసొచ్చింది, తేడా కొంత తగ్గింది, ఫలితం మారలేదు. ఆ తర్వాత మెషీన్లతో ఇంకోసారి లెక్కపెట్టాక ఖాయమైన తేడా 11,779.

2024లో తొందరగా తేలడానికి పెద్ద రహస్యం ఏమీ లేదు. పోస్టల్ ఓట్లు తగ్గాయి. రిపబ్లికన్లు కూడా ముందస్తు ఓటుకి అలవాటుపడ్డారు, దాంతో ఏ పెట్టె ముందు తెరిచినా మరీ అంత తేడా లేకపోయింది. మిషిగన్ చట్టం మార్చి ముందే లెక్కింపుకి ఒప్పుకుంది. పెన్సిల్వేనియాలో కవరు తెరిచే గడువు మారలేదు గానీ, 2022లో వచ్చిన చట్టం కింద ప్రభుత్వ నిధులు తీసుకున్న కౌంటీలు లెక్కింపు మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ట్రంప్ అక్కడ లక్షా ఇరవై వేల తేడాతో గెలిచాడు. తేడా ఎక్కువుంటే మిగిలిన కవర్ల కోసం ఎవరూ కాచుకు కూర్చోరు.

తెనాలి మాస్టారు:

రావుగారూ, కళ్లకు కట్టినట్టు చెప్పారు. పోస్టల్ ముందా వెనకా అన్నదాంట్లో ఇంత ఉందని తట్టలేదు. ఒక సందేహం. తెర మీద "95 శాతం పూర్తి" అని చూపించేవారు, అది రోజుల తరబడి 95 దగ్గరే కదలకుండా కూర్చునేది. మాకు బూత్‌లో ఎన్ని ఓట్లు పోలయ్యాయో 17సి ఫారంలో ముందే ఉంటుంది. వాళ్లకి ఆ అంకె తెలీదా?

ఫిలడెల్ఫియా పద్మ:

మాస్టారుగారూ, తెలీదండీ, చిక్కంతా అక్కడే. బూత్ ఓట్లకి లెక్క ఉంటుంది. పోస్టల్ కవర్లు మాత్రం వస్తూనే ఉంటాయి. పోలింగ్ రోజుకి పోస్టుమార్కు పడి ఉంటే మూడు రోజులు ఆలస్యంగా అందినా తీసుకోవాలని 2020లో మా పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు చెప్పింది (వాటిని విడిగా పెట్టారు, ఆధిక్యం లెక్కలో కలపలేదు). లోపలి కవరు లేని ఓట్లు చెల్లవు. గుర్తింపు సరిపోక ప్రొవిజనల్ ఓటు (అర్హత తేలేదాకా పక్కన పెట్టేది) వేసినవాళ్లవి చివర్లో తేలుస్తారు. అందుకని ఆ 95 అనేది మొత్తం ఓట్లు ఇన్నుండొచ్చు అన్న అంచనాలో శాతం. అంచనా పెరిగితే, ఓట్లు వస్తున్నా శాతం కదలదు.

నేను ఆ నాలుగు రోజులూ టీవీ కట్టేసి మా కన్వెన్షన్ సెంటర్ లైవ్ పెట్టుకున్నాను. యూట్యూబ్‌లో నగర ఎన్నికల వాళ్లే పెట్టారు. పెద్ద హాలు, వరసగా టేబుళ్లు, కవర్లు కోసే యంత్రాలు, ట్రేలు తోసుకెళ్లే మనుషులు. శబ్దం ఉండదు. మాట్లాడే యాంకర్ ఉండడు, ఎర్ర బాణాలు నీలం బాణాలు ఉండవు. అంత టెన్షన్‌లోనూ నాకు నిద్రపట్టింది అంటే ఆ వీడియో చలవే. బయట వీధిలో మాత్రం జాతర. పోస్టుడబ్బాల వేషాలు కట్టుకుని డాన్సులు!

శనివారం పొద్దున పదకొండున్నరకి కాస్త ముందు మా ఊరి నుంచి ఇంకో కట్ట ఓట్లు కలిశాయి. బైడెన్ ఆధిక్యం అర శాతం దాటింది. మా దగ్గర తేడా అర శాతం లోపుంటే దానంతటదే రీకౌంట్. ఆ గీత దాటగానే వరసపెట్టి ఛానళ్లన్నీ ప్రకటించేశాయి.

ఓ సామాన్యుడు:

అన్నీ బాగానే చెప్తున్నారు. విస్కాన్సిన్ రాష్ట్రం మిల్వాకీలో తెల్లవారుజామున మూడున్నరకి ఒక్కసారిగా లక్షా అరవై తొమ్మిది వేల ఓట్లు ఊడిపడ్డాయే, దానికేమంటారు? అందరూ పడుకున్నాక?

గ్విన్నెట్ రావు:

సామాన్యుడుగారూ, విస్కాన్సిన్‌లో కూడా పోలింగ్ రోజుకి ముందు పోస్టల్ కవర్లు తెరవకూడదు. మిల్వాకీలో వాటిని బూత్‌లకి పంచకుండా ఒకే సెంటర్‌లో లెక్కపెడతారు, మొత్తం అయ్యాకే ఒక్కసారిగా ప్రకటిస్తారు. రాత్రి బాగా పొద్దుపోయాక వస్తాయని ముందే చెప్పారు, వచ్చాయి. రెండు పార్టీల పరిశీలకులూ హాల్లో ఉన్నారు. ట్రంప్ పక్షం సొమ్ము కట్టి మిల్వాకీ, డేన్ కౌంటీల్లో రీకౌంట్ చేయించింది. అందులో బైడెన్ ఆధిక్యం 87 ఓట్లు పెరిగింది. చివరి తేడా 20,682.

మీలాంటివాళ్లకి అనుమానం రావడం నాకు వింతగా అనిపించదు. అరిజోనా, జార్జియా, విస్కాన్సిన్ తేడాలు మూడూ కలిపితే 42,918. ఆ మూడూ తిరగబడితే ఎలక్టర్ల ఓట్లు 269–269, సమానం! దేశం మొత్తం మీద బైడెన్‌కి 70 లక్షల ఆధిక్యం ఉండి కూడా. ఇంత సన్నని దారం మీద నడిచే లెక్కని, కవర్లు తెరవకుండా పోలింగ్ రోజు దాకా చేతులు కట్టేసి, తర్వాత "ఎందుకు ఆలస్యం" అని అరవడం పెన్సిల్వేనియా, విస్కాన్సిన్ చట్టసభల వాళ్లకే చెల్లింది.

తెనాలి మాస్టారు:

బాగుంది. అయితే 2028లో నేను ఏం చూడాలో, మన టైములో చెప్పండి రావుగారూ. ఈసారి గ్రూపులో నేనే చెప్తాను.

గ్విన్నెట్ రావు:

2028 నవంబర్ 7 మంగళవారం మాకు. మీకు బుధవారం పొద్దున 5:30కి జార్జియా పోలింగ్ ముగుస్తుంది, 6:30కి పెన్సిల్వేనియా, 7:30కి విస్కాన్సిన్, అరిజోనా. ఎవరు ముందున్నారో చూడొద్దు. ఏ కౌంటీలో ఇంకా ఎన్ని కవర్లున్నాయి, అవి ముందొచ్చినవా వెనకొచ్చినవా అన్నది చూడండి. ఫిలడెల్ఫియా, క్లేటన్ మిగిలి ఉంటే డెమోక్రాట్ ఇంకా లేస్తాడు. పల్లె కౌంటీలు మిగిలుంటే తగ్గుతాడు. చట్టాలు ఈలోగా మారొచ్చు, అక్టోబర్లో ఒకసారి ఇక్కడే అడగండి. 8:30కి నెవాడా. దానికోసం మాత్రం టిఫిన్ ఆపుకోకండి, 2024లో వాళ్లు పోలింగ్ అయిన నాలుగు రోజుల దాకా వచ్చిన కవర్లు తీసుకున్నారు.