అప్‌డేట్: హాస్టల్లో ఇష్టలింగ పూజ, నెలసరి పట్టింపు విషయం తేలింది

మేం లింగాయతులం. హాస్టల్లో ఉంటూ, నైట్ షిఫ్టులు చేస్తూ ఇష్టలింగ (ఒంటి మీద ఎప్పుడూ ధరించే చిన్న లింగం) పూజ ఎలా కుదురుతుంది, నెలసరప్పుడు లింగం తీసేయమని ఇంట్లో పట్టుబడుతున్నారు అని పైన అడిగాను. జవాబిచ్చినవాళ్లందరికీ థాంక్స్. 'ఇంటి జంగమయ్యనే (లింగాయతుల గురువు) పిలిచి పెద్దల ముందు అడగండి' అన్న సలహా పనిచేసింది.

లింగధారికి పంచసూతకాలు (ఐదు రకాల మైల) లేవని ఆయన తేల్చి చెప్పారు: పురుడు, చావు, నెలసరి, ఎంగిలి, కులం, ఏదీ అంటదు, లింగం తీయనక్కర్లేదు. అమ్మ ఒప్పుకుంది. నానమ్మ మాత్రం ఇంకా ముభావమే.

పూజ షిఫ్టును బట్టి, స్నానం అవగానే. ఎడమ అరచేతిలో లింగం పెట్టుకుని కాసిని నీళ్లు, విభూతి, దొరికితే పత్రి, కాసేపు చూపు నిలిపి పంచాక్షరి. పది నిమిషాలు చాలు. తర్వాత తుడిచి, పూర్తిగా ఆరాకే చుట్టాలి. తడి ఉంటే గుడ్డ వాసనొస్తుంది.

వెండి లింగకాయ (లింగం పెట్టుకునే బరిణె) బట్టల్లోంచి ఉబ్బెత్తుగా కనబడుతుంటే మెత్తటి గుడ్డలో చుట్టి శివదారంతో (లింగాన్ని మెడలో వేసుకునే దారం) కట్టుకోవచ్చట. చెమటకి దారం మెడ వెనకే ముందు నలుగుతుంది, అక్కడ చూసుకుంటూ ఉండాలి.

2018లో కర్ణాటక ప్రభుత్వం లింగాయతులకు ప్రత్యేక మత హోదా ఇవ్వాలని సిఫార్సు చేయడం మీద ఇక్కడ నడిచిన వాదనంతా మా ఇంటి గొడవకి పనికిరాలేదు.