ఎస్‌బీ 2 వచ్చింది కదా, పిల్లను చార్టర్ స్కూల్‌లో ఉంచాలా, తీసేయాలా? (టెక్సాస్)

హెచ్4అమ్మ:
మాది డాలస్ పక్కన ఇర్వింగ్. పెద్దమ్మాయి చార్టర్ స్కూల్‌లో (ప్రభుత్వ డబ్బుతో విడి సంస్థ నడిపే బడి) థర్డ్ గ్రేడ్. కిండర్‌గార్టెన్ అప్పుడు లాటరీలో సీటు తగిలింది, అప్పట్నుంచి అక్కడే. ఫీజు లేదు. బస్సూ లేదు, రోజూ పొద్దున్నే కార్ల వరుసలో నేనే.

2025 మే నెలలో గవర్నర్ అబాట్ ఎస్‌బీ 2 (సెనేట్ బిల్లు 2) మీద సంతకం పెట్టిన దగ్గర్నుంచి మా వాట్సాప్ గ్రూపులో రోజుకో కథ. ప్రైవేట్ బడికి పంపేవాళ్ళకి ప్రభుత్వమే ఏడాదికి పది వేల చిల్లర డాలర్లు ఖాతాలో వేస్తుందట. దాంతో చార్టర్లు ఖాళీ అయిపోతాయని ఒకరు, చార్టర్‌లో ఉన్నా ఆ డబ్బు వస్తుందని ఇంకొకరు. చిన్నదానికి వచ్చే ఏడు కిండర్‌గార్టెన్. చార్టర్ లాటరీ ఫారం గడువు దగ్గర పడింది. ఏం చేయమంటారు?

కరక్కాయ:
చార్టర్‌లో ఉంటే ఆ డబ్బు రాదండీ. ఎస్‌బీ 2 ప్రకారం పబ్లిక్ స్కూల్‌లో కాకుండా ప్రైవేట్‌లో చదివితేనే ఇస్తారు. ఇంట్లో చదివించుకునేవాళ్ళకి రెండు వేల దాకా. చార్టర్ అంటే పబ్లిక్ స్కూలే కాబట్టి...

రచ్చబండ రావు:
అక్కడే ఆగండి. చార్టర్ పబ్లిక్ స్కూల్ అని ఎవరు చెప్పారు మీకు? పబ్లిక్ అంటే జనం ఎన్నుకున్న బోర్డు ఉండాలి. మా కోపెల్ ఐఎస్‌డీలో, అంటే ఊరి స్కూల్ డిస్ట్రిక్టులో, ఏడుగురు ట్రస్టీలున్నారు, అందర్నీ ఓటేసి ఎన్నుకుంటాం. నచ్చకపోతే దింపేస్తాం. మీ చార్టర్ బోర్డులో ఎవరున్నారో, వాళ్ళని అక్కడ ఎవరు కూర్చోబెట్టారో చెప్పండి చూద్దాం.

హెచ్4అమ్మ గారూ, పిల్లను ఐఎస్‌డీలో వేయండి. అంతకు మించి ఆలోచించక్కర్లేదు.

ఓరుగల్లు పిలగాడు:
మళ్ళ మొదలైంది 🍿

కరక్కాయ:
రావు గారూ, మీరు నేనూ అనుకుంటే అయ్యేది కాదు, చట్టంలో రాసుంది. 1995లో టెక్సాస్ చార్టర్ చట్టం చేసినప్పట్నుంచీ వీటిని రాష్ట్ర పబ్లిక్ స్కూల్ వ్యవస్థలో భాగంగానే లెక్కేస్తున్నారు. ఫీజు తీసుకోకూడదు. రాష్ట్రం పెట్టే స్టార్ పరీక్ష రాయించాలి. ఎ నుంచి ఎఫ్ దాకా గ్రేడ్ వేయించుకోవాలి. కొత్త చార్టర్‌కి రాష్ట్ర విద్యా కమిషనర్ ఊ అన్నా, 15 మంది ఉండే స్టేట్ బోర్డ్ ఆఫ్ ఎడ్యుకేషన్ కాదనొచ్చు. ఆ 15 మందీ ఓట్లతో గెలిచినవాళ్ళే.

ఇంకో మాట. చార్టర్‌కి వరసగా మూడేళ్ళు పనికిమాలిన రేటింగ్ వస్తే లైసెన్సే పోతుంది, 2013లో పెట్టిన రూలు. ఐఎస్‌డీ బడికైతే ఐదేళ్ళు. ఎవరి మీద కత్తి ఎక్కువ వేలాడుతోందో మీరే చెప్పండి.

రచ్చబండ రావు:
కత్తి సంగతి తర్వాత. బోర్డును నేను ఎన్నుకున్నానా లేదా? అది చెప్పండి.

కరక్కాయ:
ఏవండీ, ఇక్కడ రాసేవాళ్ళలో సగం మందికి అసలు ఓటుందా? హెచ్4 వీసా మీద ఉన్న హెచ్4అమ్మ గారికి ఏ బోర్డునీ దింపే అవకాశం లేదు. గ్రీన్ కార్డు క్యూలో ఉన్న నాకూ లేదు. ఓటు లేనివాడి చేతిలో ఉన్నదొక్కటే, పిల్లను తీసుకుని ఇంకో బడికి పోవడం. చార్టర్ ఆ దారి చూపిస్తోంది.

వన్‌టౌన్ విజ్జి:
ఇది పాయింటే 👆

రచ్చబండ రావు:
ఓటు లేకపోయినా ప్రాపర్టీ టాక్స్ కడుతున్నాం కదయ్యా. ఆ డబ్బు ఎటు పోతోందో చెప్పనా? మా ఊళ్ళో పింకర్టన్ ఎలిమెంటరీ మూసేశారు. ప్లానోలో ఒక్కసారే నాలుగు బడులు మూయడానికి ఓటేశారు. లూయిస్‌విల్ ఐఎస్‌డీలో ఐదు. పిల్లలు లేరు, డబ్బులు లేవు అంటారు. పిల్లలెక్కడికి పోయారు మరి? మీ చార్టర్లకి. ఇప్పుడు ఎస్‌బీ 2 వచ్చి మిగిలినవాళ్ళనీ ఊడ్చుకుపోతుంది. పైగా 2023లో హెచ్‌బీ (హౌస్ బిల్లు) 1707 అని ఒక చట్టం తెచ్చారు. జోనింగ్‌లో, పర్మిట్లలో చార్టర్‌ని సిటీ ఐఎస్‌డీతో సమానంగా చూడాలట. అంటే మన ఇంటి పక్కనే కట్టేస్తామన్నా "ఇక్కడొద్దు" అనడానికి కౌన్సిల్‌కి ఉన్న అడ్డు ఒకటి పోయింది.

కరక్కాయ:
సమానంగా చూడమంటే అన్యాయం ఎట్లా అయింది సార్?

బడులు మూయడానికి కారణం ఆయా డిస్ట్రిక్టులే చెప్పాయి. పుట్టే పిల్లలు తగ్గారు. చిన్నపిల్లలున్న జంటలు ఆ ఊళ్ళలో ఇల్లు కొనలేక ఉత్తరానికి పోతున్నారు, ప్రాస్పర్, సెలీనా అంటూ. ఇక డబ్బు సంగతి. పిల్లకింత అని రాష్ట్రం లెక్కగట్టే బేసిక్ అలాట్‌మెంట్ 2019 నుంచి 6,160 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. ఈలోగా కోడిగుడ్లు ఎంత పెరిగాయి, బస్సు డ్రైవర్ జీతం ఎంత పెరిగింది? 2025లో హెచ్‌బీ 2తో దాన్ని పెంచారు. ఎంత? 55 డాలర్లు. పటేల్ బ్రదర్స్‌లో ఒక వారం సరుకులు. (జీతాలకని విడిగా ఇచ్చారు, అది వేరే పద్దు.) ఇన్నేళ్ళు పెంచకుండా కూర్చున్నవాళ్ళని వదిలేసి చార్టర్ మీద పడతారేంటి?

ఎస్‌బీ 2కి కేటాయించింది వంద కోట్ల డాలర్లు. పిల్లకి పది వేలు అనుకుంటే లక్ష మంది. రాష్ట్రంలో పబ్లిక్ బడుల పిల్లలు 55 లక్షల దాకా ఉన్నారు. రెండు శాతం కూడా కాదు. ఊడ్చుకుపోవడం ఎక్కడ?

పలక బలపం:
చాన్నాళ్ళుగా చదివి ఊరుకుంటున్నాను, ఇవాళ ఊరుకోలేను. నేను టీచర్ని. మూడేళ్ళు ఒక చార్టర్‌లో, ఇప్పుడు ఐఎస్‌డీలో.

కరక్కాయ గారు రెండు శాతం అంటున్నారు. ఆ రెండు శాతం రాష్ట్రమంతా సమానంగా పోరండీ. ప్రైవేట్ బడులు ఉన్న ఊళ్ళలోంచి పోతారు, అంటే మన డాలస్ లాంటి చోట్ల. ఒక్కో క్లాసులోంచి ఇద్దరు చొప్పున పోతే ఏమవుతుందో నేను చూశాను. టెక్సాస్‌లో డబ్బు హాజరును బట్టి. ఇద్దరు పిల్లలు పోయినంత మాత్రాన లైటు బిల్లు తగ్గదు, టీచర్ జీతం తగ్గదు. ఐఎస్‌డీకైతే ప్రాపర్టీ టాక్స్, అప్పు తెచ్చుకోవడానికి బాండ్ ఎలక్షన్ ఉన్నాయి. చార్టర్ పన్ను వేయలేదు. అందుకే పిల్లలు తగ్గితే మొదట తెగేది చార్టరే. నేను పనిచేసిన చోట అదే జరిగింది. జనవరిలో ఒక శుక్రవారం సాయంత్రం పిలిచారు. పిల్లలు తగ్గారు, సోమవారం నుంచి రానక్కర్లేదు అన్నారు. ఐఎస్‌డీ టీచర్లకి ఉండే కాంట్రాక్టు చట్టం చార్టర్లకి వర్తించదు. నా ఫిఫ్త్ గ్రేడ్ పిల్లలు గోడకి అతికించిన సౌరకుటుంబం చార్టులు తెచ్చుకుంటానంటే, తర్వాత పోస్టులో పంపుతాం అన్నారు. ఇంతవరకూ రాలేదు.

అందుకని చార్టర్ చెడ్డదని అనను. హెచ్4అమ్మ గారు అడిగింది మాత్రం సరైన ప్రశ్నే. ఈ చట్టం వల్ల ఎక్కువ ఊగేది చార్టరే.

ఓరుగల్లు పిలగాడు:
అక్కా, శుక్రవారం సాయంత్రం పిలిచుడు ఐటీలో కూడ అంతేనే. లైట్ తీస్కో.

పలక బలపం:
లైట్ తీసుకున్నాను కాబట్టే ఇంకా టీచర్‌గా ఉన్నాను తమ్ముడూ.

హెచ్4అమ్మ:
ఒక్క నిమిషం. ప్రైవేట్‌కి మారితే మాకు డబ్బు వస్తుందా అసలు? మేం కనుక్కున్న బడి ఫీజు 17,500. ఇంట్లో ఒక్క జీతమే.

కరక్కాయ:
దరఖాస్తులు ఎక్కువైతే వరస ఉంది. ముందు వైకల్యం ఉన్న పిల్లలు, అదీ ఆదాయం పేదరిక రేఖకి ఐదు రెట్ల లోపుంటేనే. తర్వాత రెండు రెట్ల లోపు కుటుంబాలు. ఆ తర్వాత రెండు నుంచి ఐదు రెట్ల మధ్య. ఐదు రెట్లు దాటినవాళ్ళు చివర, వాళ్ళకి మొత్తం డబ్బులో 20 శాతం మించి పోకూడదు. నలుగురున్న ఇంటికి 2025 లెక్కలో ఐదు రెట్లంటే 1,60,750 డాలర్లు. ఇద్దరూ ఐటీలో ఉంటే ఆశ వదులుకోవడమే. మీది ఒక్క జీతం కాబట్టి మూడో వరసలో పడొచ్చు. వచ్చినా మీరు చెప్పిన ఫీజుకి ఏడు వేలు చేతినుంచే. ఇద్దరు పిల్లలకి లెక్కేసుకోండి.

రచ్చబండ రావు:
చూశారా! ఈయనే లెక్క చెప్పి ఈయనే ప్రైవేట్ వద్దంటున్నాడు. పబ్లిక్ డబ్బు ప్రైవేట్ చేతిలో పెడితే తప్పు అన్నప్పుడు, చార్టర్ చేతిలో పెడితే ఒప్పు ఎలా అవుతుంది? రెండూ ఒకే తాను ముక్కలు.

కరక్కాయ:
వద్దనలేదు, లెక్క చెప్పాను. ఒకే తాను కాదని పదోసారి చెబుతున్నాను. ప్రైవేట్ బడి స్టార్ రాయించక్కర్లేదు, వేరే ఏదో జాతీయ పరీక్ష చాలు. చార్టర్ రాయించాల్సిందే. 2027-28లో స్టార్ తీసేసి మూడు చిన్న పరీక్షలు పెడుతున్నారు, హెచ్‌బీ 8. అవీ చార్టర్ రాయించాలి. ఫోన్లు లాక్కునే హెచ్‌బీ 1481 కూడా చార్టర్‌కి ఉంది.

అసలు సంగతి నేను చెప్పనా రావు గారూ? మీ బాధ బోర్డూ కాదు, బాండ్లూ కాదు. మంచి ఐఎస్‌డీ అని అప్పుచేసి ఇల్లు కొన్నారు. ఇప్పుడు అపార్ట్‌మెంట్‌లో అద్దెకుండే నాలాంటివాడు లాటరీలో పైసా ఖర్చు లేకుండా మంచి బడి కొట్టేస్తున్నాడు. అది మింగుడు పడటం లేదు. మీ పాత పోస్టులు చూశాను, "జిల్లా రేటింగ్ పడిపోతే ఇళ్ళ రేట్లేమవుతాయి" అని మీరే రాశారు.

వన్‌టౌన్ విజ్జి:
అబ్బో

రచ్చబండ రావు:
నోరు అదుపులో పెట్టుకో. వయసులో నీకంటే పెద్దవాణ్ణి.

అవును, అప్పుచేసి కొన్నాను. పిల్లల చదువు కోసం కాక దేనికి కొంటాడు ఎవడైనా? నీ అద్దెలోనూ ఓనరు టాక్సు ఉంది, నాకు తెలుసు, ఆ పాఠం చెప్పకు. ఇల్లు నా ఇష్టం. నా బాధ నీకు తెలియదు.

మా పెద్దాడు సెవెన్త్ గ్రేడ్‌లో ఒకణ్ణి కొట్టాడు. ఏడాదిగా వీణ్ణి ఏడిపిస్తున్న వాడే, అయినా కొట్టడం తప్పే, నేనే చెప్పాను వాడికి. ఐఎస్‌డీవాళ్ళు వాణ్ణి వేరే బడికి పంపారు కొన్నాళ్ళు, క్రమశిక్షణ బడి. వాతావరణం మారితే బాగుంటుందని మా ఆవిడ ఒక చార్టర్‌కి అప్లై చేసింది. అప్లికేషన్‌లో ఒక గడి ఉంది, పిల్లవాడికి క్రమశిక్షణ చర్యల చరిత్ర ఉందా అని. నిజం రాశాం. లాటరీలో పేరు వచ్చింది, వాళ్ళు పక్కన పెట్టారు. చట్టం వాళ్ళకి ఆ వెసులుబాటు ఇచ్చిందట. నేను పోయి అడిగితే, "సార్, మా చార్టర్‌లో రాసుంది" అని ఒక కాయితం చూపించారు. మర్యాదగానే చూపించారు, నవ్వుతూ.

అదే ఐఎస్‌డీ, వాణ్ణి పంపించేసిన ఐఎస్‌డీయే, ఆరు వారాలకి వెనక్కి తీసుకుంది. తీసుకోక తప్పదు కాబట్టి. తన హద్దుల్లో ఉన్న పిల్లను కాదనే హక్కు దానికి లేదు. నాకు పబ్లిక్ అంటే అది. కాదనలేకపోవడం. నువ్వు చట్టంలో రాసిన మాట పట్టుకు వేలాడుతున్నావు.

పలక బలపం:
ఈ గడి సంగతి నిజం. 2025లోనే హెచ్‌బీ 6 అని ఇంకోటి వచ్చింది, పిల్లల్ని సస్పెండ్ చేయడం బడులకి ఇదివరకటికంటే తేలిక చేసింది. టీచర్‌గా నాకు కొంత ఊరటే, దాచుకోను. కానీ సస్పెన్షన్లు పెరిగితే రికార్డులో మచ్చ ఉన్న పిల్లలూ పెరుగుతారు, ఆ గడిలో "అవును" అని రాయాల్సినవాళ్ళూ పెరుగుతారు. రెండు చట్టాలూ విడివిడిగా చదివితే కనపడదిది.

కరక్కాయ:
రావు గారూ, బాబు విషయం నాకు తెలియదు. ఇంటి మాట ఎత్తినందుకు సారీ.

కానీ గడి సంగతి నేనూ చెప్పాలి. ఐఎస్‌డీ కాదనలేదు, నిజమే. మా అమ్మాయిని ఏడిపించినవాణ్ణి కూడా కాదనలేదు. పాపం పసిది బాత్రూంకి వెళ్ళడానికి భయపడి పొద్దుట్నుంచీ నీళ్ళు తాగేది కాదు. బాటిల్ నిండుగా వెనక్కి వచ్చేది, అట్లా తెలిసింది నాకు. నాలుగుసార్లు వెళ్ళాను. "ఆ అబ్బాయికీ ఇక్కడ చదివే హక్కుంది" అన్నారు. ఆ గడి ఉన్న బడికి నేను వెతుక్కుంటూ పోయింది అందుకే. మీకు తలుపు వేసిన గడే నాకు తలుపు తీసింది. ఏం చేయమంటారు చెప్పండి.

రచ్చబండ రావు:
ఏం చేయమంటాను. మా వాడూ ఏడాది పాటు నీళ్ళు తాగలేదేమో, మాకు తెలియలేదు.

మోడరేటర్ అమలాపురం:
వ్యక్తిగత విషయాలు ఇక ఆపుదాం. పాత పోస్టులు తవ్వి తీయడం ఇక్కడ పద్ధతి కాదు, కరక్కాయ గారికి ఇది మొదటి హెచ్చరిక.

హెచ్4అమ్మ:
నా వల్ల ఇంత గొడవ అయినందుకు ఏమనుకోకండి. పెద్దదాన్ని చార్టర్‌లోనే ఉంచుతున్నాం. చిన్నదాని ఫారం రేపు రాత్రి ఆఖరు. ఇప్పుడే తెరిచి చూస్తే మీరన్న గడి ఉంది. దానికి ఐదేళ్ళు. ప్రీస్కూల్‌లో ఒకసారి ఒక పిల్లాణ్ణి కొరికిందని ఇంటికి కాయితం పంపారు. అది రాయాలా?

పలక బలపం:
😂 అక్కర్లేదండీ. డేకేర్ కాయితం లెక్కలోకి రాదు.

రచ్చబండ రావు:
నింపి పంపు తల్లీ. అక్క అక్కడే ఉంది కాబట్టి చాలా బడుల్లో తోబుట్టువులకి ముందు ఇస్తారు, ఆ తోబుట్టువుల గడి మాత్రం నింపడం మరిచిపోకు. ఐఎస్‌డీలో కూడా పేరు రాయించి పెట్టుకో, లీజు కాయితం, కరెంటు బిల్లు పట్టుకెళ్ళు. ఆగస్టు దాకా ఎటు పోయేదీ తెలియదు.

కరక్కాయ:
రావు గారు చెప్పినట్టు చేయండి. టీకాల కార్డు కూడా ఇప్పుడే తీసి పెట్టుకోండి, నేను ఆఖరి రోజున దాని కోసమే ఇల్లంతా వెతికాను.