పెరటి మడికి గంధకం కొట్టాలా, మానాలా?

చంపావతి (విజయనగరం):
పుష్యం వచ్చేసరికి పెరట్లో బెండ, ఆనప ఆకుల మీద తెల్లటి పొడి పట్టేస్తుంది. గంధకం కొడితే చాలని కొందరు, తినే కూరల మీద ఆ మందే వద్దని కొందరు. కరివేపాకు పసుపెక్కితే చెట్టు మొదలు దగ్గర మట్టిలో గంధకం వేయమనేవాళ్లూ ఉన్నారు. తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

నాగావళి (ఆమదాలవలస):
బెండకి కొట్టండి. ఆ తెల్లటి పొడి బూడిద తెగులు, దానికి ఇంత చవకగా, నమ్మకంగా పనిచేసే మందు అరుదు. పచారీ కొట్లో దొరికే గంధకం మాత్రం వద్దు. ఎంత దంచినా నీళ్లలో కలవదు, పైన తేలుతుంది. పురుగుమందుల షాపులో 80 శాతం వెట్టబుల్ సల్ఫర్ (నీళ్లలో కలిసే గంధకం పొడి) అని అడగండి.

లీటరు నీటికి 3 గ్రాములు. ముందు కప్పులో కాసిని నీళ్లతో జారుగా కలిపి, ఉండలు చిదిమి, పల్చటి గుడ్డలో వడకట్టి, మిగతా నీళ్లు పోయాలి. వడకట్టకపోతే నాజిల్ పూడుకుపోతుంది. కలిపాక కూడా పొడి అడుక్కి దిగుతూనే ఉంటుంది. డబ్బా ఊపకుండా కొడితే మొదటి మొక్కలకి చిక్కటి మందు, చివరి మొక్కలకి వట్టి నీళ్లు.

ఆకు అడుగున కూడా తడవాలి. రెండు మూడు ఆకుల మీద మచ్చ కనపడగానే కొట్టాలి, 10-15 రోజులకి ఇంకోసారి. ఆకంతా తెల్లబడ్డాక కొడితే ఆ ఆకు తేరుకోదు. కొత్త ఆకుల్ని కాపాడటమే దీని పని.

వంశధార (నరసన్నపేట):
నాగావళి గారూ, బెండ సంగతి సరే, ఆనపని వదిలేశారు. ఆనప, బీర, దోస, గుమ్మడి, ఏ పాదుకీ గంధకం తగలకూడదు. ఆకు అంచులు మాడి పెళుసుబారతాయి. తీగజాతి కూరగాయలకి గంధకం మందులు చల్లొద్దని వ్యవసాయ సలహాల్లో ఎప్పటినుంచో చెబుతున్నదే.

పెరడంటే బెండ మడి పక్కనే పందిరి. కాస్త గాలి వీచినా తుంపర పాదు మీదే పడుతుంది. పైగా గంధకం ఆకు రసం పీల్చే చెడ్డ నల్లితోపాటు దాన్ని తినే మంచి నల్లినీ చంపుతుంది. అందుకే పెరట్లో దీన్ని అసలు మొదలుపెట్టొద్దంటాను. పాదుకైతే అడుగాకులు తీసేయండి, పందిరికి ఎండ, గాలి తగలనివ్వండి. ఒక వంతు పాలకి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి, ఎండ ఉన్న ఉదయం వారానికోసారి కొట్టండి.

నాగావళి:
పాదుల విషయంలో మీ మాటే నా మాట. కొన్ని రకాలు తట్టుకుంటాయి గానీ ఏది తట్టుకుంటుందో ముందే చెప్పలేం. అంతమాత్రాన పెరట్లోనే వద్దంటే ఒప్పుకోను. గాలి లేని పూట, పాదు మీద పాత చీర కప్పి కొడితే తుంపర గొడవ ఉండదు. మిరపలో నల్లి పడ్డప్పుడు పాలు ఏం చేస్తాయి? ఆకు కిందికి దోనెలా ముడుచుకుని, కాడ సాగిందంటే అది నల్లి, గంధకానికి లొంగుతుంది. పైకి ముడుచుకుంటే తామర పురుగు, దానికి గంధకం దండగ. బెండాకుల ఈనెలు పసుపెక్కితే అది పల్లాకు తెగులు, వైరస్. దానికీ ఇది పనిచేయదు.

ఎండ సంగతి మాత్రం మరవొద్దు. వేడి 32 డిగ్రీలు దాటే రోజుల్లో కొడితే బెండాకు కూడా మాడుతుంది. ఫాల్గుణం వచ్చాక మన దగ్గర మధ్యాహ్నాలు అలాగే ఉంటాయి, ఇక డబ్బా పక్కన పెట్టేయడమే.

గోస్తని (ఎస్.కోట):
కరివేపాకు గురించి ఎవరూ రాయలేదు. లేత ఆకు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము లోపం. లీటరు నీటికి అన్నభేది (ఐరన్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు 1 గ్రాము కలిపి ఆకుల మీద కొడితే కొత్త చిగురు పచ్చగా వస్తుంది. మట్టిలో వేసిన గంధకాన్ని సూక్ష్మజీవులు ఆమ్లంగా మార్చాలి, దానికి తేమ కావాలి, నెలలు పడుతుంది.

మన ఎర్రనేలలు చాలాచోట్ల ముందే కాస్త పులుపు వైపున్నవి. వాటిలో ఇంకా గంధకం వేస్తే వేళ్లకి చేటు. గోడ పక్కన సున్నం, సిమెంటు పెళ్లలు కలిసిన మట్టి వేరు. దాని మీద వెనిగర్ పోస్తే బుసబుస పొంగుతుంది, సున్నం ఉందనడానికి అదే గుర్తు. కిలో గంధకం సుమారు మూడు కిలోల సున్నపురాయి పొడిని విరుస్తుంది, అంటే అలాంటి మట్టిని మార్చాలంటే ఎంత పోయాలో చూసుకోండి. మొక్కని కొత్త మట్టిలోకి మార్చడమే తేలిక. వేయాలనే అనుకుంటే ముందు మట్టి పరీక్ష చేయించండి, ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలో అడగొచ్చు.

చంపావతి:
బెండకి నిన్ననే వేపనూనె కొట్టి ఉంటే?

వంశధార:
రెండు వారాలు ఆగండి. నూనె పొర మీద గంధకం పడితే ఆకు లోపలికి దిగి మాడుస్తుంది. ముందు గంధకం కొట్టి తర్వాత నూనె వేయాలన్నా అంతే ఎడం. కొట్టేటప్పుడు ముక్కుకి గుడ్డ, కళ్లకి అద్దాలు ఉండాలి. ముదిరిన కాయలు ముందే కోసేసుకోండి. తర్వాత కోసినవి బాగా కడిగి వండండి.