ఫోర్‌క్లోజర్‌లో ఖాళీగా పడి ఉన్న ఇళ్లకు బ్యాంకుల చేత జవాబు చెప్పించడం ఎలా? (న్యూజెర్సీ)

వీధిచివర:

నమస్కారం. మేము న్యూజెర్సీలో ఒక చిన్న టౌన్‌షిప్‌లో ఉంటున్నాము. మా వీధిలో ఒక ఇల్లు చాలాకాలంగా ఖాళీగా పడి ఉన్నది. మార్ట్‌గేజ్ వాయిదాలు కట్టలేకపోయిన యజమానులు, ఫోర్‌క్లోజర్ దావా (అప్పు కట్టనందుకు ఇంటిని వేలం వేయించే దావా) కాగితాలు చేతికి అందగానే ఇక ఇల్లు పోయినట్లేనని భావించి వెళ్లిపోయారని ఇరుగుపొరుగువారు చెబుతున్నారు. వీధి తలుపుకు తాళంచెవి దాచే చిన్న పెట్టె తగిలించారు. కిటికీ అద్దానికి లోపలివైపు నుంచి ఒక కాగితం అంటించారు. ఇల్లు ఖాళీగా ఉన్నట్లు గుర్తించామని, చలికి పైపులు పగలకుండా నీళ్లు కట్టేశామని, అవసరమైతే ఫలానా నంబరుకు ఫోన్ చేయమని దాని మీద ఉన్నది. అయినా పైపు పగిలింది. బేస్‌మెంట్ కిటికీలోంచి చూస్తే గోడల మీద నడుమెత్తు వరకు నల్లగా బూజు కనబడుతున్నది. చూరు నుంచి వాననీటి గొట్టం ఊడి మా ప్రహరీ మీదికి వేలాడుతున్నది.

ఆ నంబరుకు ఫోన్ చేస్తే, తాము గడ్డి కోయించే, తాళాలు మార్పించే కాంట్రాక్టు కంపెనీ మాత్రమేనని, పైనుంచి ఆర్డరు రానిదే రాలేమని చెప్పారు. దావా వేసిన బ్యాంకును అడిగితే, తాము ట్రస్టీ మాత్రమేనని, ఇంటి బాగోగులు సర్వీసర్ చూసుకోవాలని అన్నారు. సర్వీసర్‌ను అడిగితే, అప్పు మీ పేరున లేదు కాబట్టి ఏ వివరమూ చెప్పలేమన్నారు.

పక్క వీధుల్లోనూ ఇటువంటి ఇళ్లు ఉన్నాయి. మా పేటలో కొన్ని తెలుగు కుటుంబాలు ఉన్నాయి, దశాబ్దాలుగా ఇక్కడే ఉంటున్న నల్లజాతి, లాటినో కుటుంబాలు అంతకంటే ఎక్కువగా ఉన్నాయి. అందరం కలిసి ఏదైనా చేయాలని ఉన్నది కాని, ఎవరిని నిలదీయాలో తెలియకుండా సమావేశం పెడితే అది గోడు వెళ్లబోసుకోవడంతోనే ముగుస్తుంది. చట్టప్రకారం ఈ ఇంటికి బాధ్యులెవరు? జరిమానాలకు బ్యాంకులు నిజంగా లొంగుతాయా? ఇంతా చేశాక ఇళ్లన్నీ ఏదో పెట్టుబడి కంపెనీ చేతిలో పడితే మాకు ఒరిగేదేమిటి? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

కౌంటీరికార్డు:

మీకు జవాబిచ్చిన ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. చిక్కంతా అక్కడే ఉన్నది. మొదట అప్పు ఇచ్చిన సంస్థ ఆ అప్పును చాలావరకు ఎప్పుడో అమ్మేసి ఉంటుంది. వేలాది అప్పులను ఒక ట్రస్టు కింద చేర్చి మదుపరులకు అమ్మినప్పుడు, కాగితాల మీద హక్కుదారుగా ట్రస్టీ బ్యాంకు పేరు ఉంటుంది. వాయిదాలు వసూలు చేయడం, దావా నడిపించడం, ఇంటిని కనిపెట్టి ఉండడం సర్వీసర్ పని. సర్వీసర్ ఆ చివరి పనిని కాంట్రాక్టర్లకు, వారు మరొకరికి అప్పగిస్తారు. వీటన్నిటికీ తోడు, షెరీఫ్ వేలం (కోర్టు తీర్పు మీద కౌంటీ అధికారి వేసే వేలం) జరిగి డీడ్ (ఇంటి హక్కు పత్రం) చేతులు మారేవరకు ఇల్లు ఇంకా పాత యజమానిదే. న్యూజెర్సీలో ఫోర్‌క్లోజర్ కోర్టు ద్వారానే జరగాలి కాబట్టి, ఎవరూ పట్టించుకోని ఆ మధ్యకాలం ఏళ్ల తరబడి సాగవచ్చు.

అందువల్ల ఇల్లు ఎవరిదన్న వాదనలోకి దిగకండి, దావా ఎవరు వేశారో తేల్చుకోండి. మన రాష్ట్ర చట్టం సరిగ్గా ఆ మధ్యకాలం కోసమే రాసినది. నివాస గృహం మీద ఫోర్‌క్లోజర్ దావా వేసిన రుణదాత, సమన్లు అందజేసిన 10 రోజుల్లో ఆ సంగతిని మునిసిపల్ క్లర్కుకు తెలియజేయాలి, ఇంటి నిర్వహణ గురించిన ఫిర్యాదులు ఎవరికి పంపాలో ఆ నోటీసులో చెప్పాలి, రాష్ట్రం బయటి సంస్థ అయితే న్యూజెర్సీలోనే ఒక ప్రతినిధిని నియమించాలి. 2014లో వచ్చిన చట్టం ప్రకారం, తగిన ఆర్డినెన్స్ (స్థానిక శాసనం) చేసుకున్న మునిసిపాలిటీలు, ప్రతినిధిని నియమించని బయటి సంస్థకు రోజుకు 2,500 డాలర్లు, ఖాళీ ఇంటి వెలుపలి భాగాన్ని సరిచేయని సంస్థకు రోజుకు 1,500 డాలర్లు చొప్పున జరిమానా వేయవచ్చు. ఆర్డినెన్స్ లేని టౌన్‌షిప్‌కు ఆ అధికారం కాగితం మీదే ఉండిపోతుంది. మీ టౌన్‌షిప్‌లో అది ఉన్నదో లేదో ముందు చూసుకోండి.

మొదటి పని క్లర్కు కార్యాలయంలో మొదలవుతుంది. ప్రభుత్వ రికార్డుల చట్టం (అందరూ ‘ఓప్రా’ అంటారు) కింద, మీ పేటకు సంబంధించి రుణదాతలు పంపిన ఫోర్‌క్లోజర్ నోటీసులన్నిటి నకళ్లు అడగండి. మామూలుగా ఏడు పనిదినాల్లో జవాబు రావాలి. తరువాత కౌంటీ క్లర్కు భూమి రికార్డులలో ఆ ఇంటి మీద దావా పెండింగులో ఉన్నట్లు నమోదైన కాగితాన్ని, అప్పు చేతులు మారిన బదలాయింపులను వెతకండి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, దావా నడుస్తున్నా క్లర్కుకు నోటీసు రాని ఇళ్లు బయటపడతాయి. ఆ సంస్థ చట్టం చెప్పిన మొదటి పనే చేయలేదని మీరు కాగితం చూపి అనగలుగుతారు.

సమావేశం ఆ తరువాత పెట్టండి. ఒక్క ఇంటి గురించి కౌన్సిల్‌కు వెళితే అది ఇరుగుపొరుగు తగాదాలాగే కనబడుతుంది. పేటలోని ఖాళీ ఇళ్లన్నిటినీ జాబితా వేసి, ఒక్కో ఇంటికి ఎదురుగా దావా నంబరు, ట్రస్టీ పేరు, సర్వీసర్ పేరు, ఫొటో తీసిన తేదీ రాసుకుని వెళితే, అదే సర్వీసర్ పేరు పదే పదే కనబడుతుంది. కౌన్సిల్ సభ్యులు తలెత్తి చూసేది అప్పుడే. చాలా చిన్న టౌన్‌షిప్‌లలో కోడ్ ఇన్‌స్పెక్టర్లు తక్కువ, పని ఎక్కువ. కాబట్టి అడిగేటప్పుడే డబ్బు దారి కూడా చూపించండి. ఫోర్‌క్లోజర్‌లో ఉన్న ఇంటికి ఏడాదికి 500 డాలర్ల వరకు, అది ఖాళీగా ఉంటే అదనంగా 2,000 డాలర్ల వరకు రిజిస్ట్రేషన్ రుసుము రుణదాత నుంచి వసూలు చేసేందుకు రాష్ట్ర చట్టం అనుమతిస్తున్నది.

ఒక హెచ్చరిక. ఆ అప్పు ఫ్యానీ మే లేదా ఫ్రెడ్డీ మ్యాక్ (బ్యాంకుల నుంచి ఇంటి అప్పులను కొనే పెద్ద సంస్థలు) చేతిలో ఉంటే దారి వేరు. ఆ రెండూ 2008 సెప్టెంబరు నుంచి ఫెడరల్ నియంత్రణ సంస్థ సంరక్షణలో ఉన్నాయి. చికాగో నగరం 2011లో చేసిన ఖాళీ ఇళ్ల ఆర్డినెన్స్ వాటికి వర్తించదని 2013లో ఫెడరల్ కోర్టు తీర్పు చెప్పింది. వాటి విషయంలో జరిమానా బెదిరింపు కంటే నేరుగా ఆ సంస్థలకే ఫొటోలతో ఫిర్యాదు పంపడం మేలు.

ఈరీతీరం:

పై సలహా బాగున్నది కాని, జరిమానా పెంచినకొద్దీ పని అవుతుందనుకోవడం పొరపాటు. నేను క్లీవ్‌లాండ్‌లో ఉంటాను. ఫోర్‌క్లోజర్లు ముంచెత్తిన రోజుల్లో స్లావిక్ విలేజ్ అన్న పేట పేరు దేశమంతా మారుమోగింది. వీధులకు వీధులు ఖాళీ అయ్యాయి. రాగి పైపుల కోసం దొంగలు గోడలు పగలగొట్టారు. బ్యాంకులు చవక ఇళ్లను గంపగుత్తగా బయటి రాష్ట్రాల వ్యాపారులకు అమ్మేస్తే, వాళ్లు ఇంటి ముఖమైనా చూడకుండా ఈబేలో మళ్లీ అమ్మారు.

2008 జనవరిలో మా నగరం 21 ఆర్థిక సంస్థల మీద, సబ్‌ప్రైమ్ అప్పులతో (తీర్చే స్తోమత తక్కువగా ఉన్నవారికి ఎక్కువ వడ్డీకి ఇచ్చే అప్పులతో) ఊరికి ఉపద్రవం తెచ్చారంటూ దావా వేసింది. దావా ఘనంగా మొదలైంది కాని, అప్పు ఇవ్వడానికీ ఊళ్లో ఇళ్లు తగలబడడానికీ మధ్య సంబంధం మరీ దూరమని ఫెడరల్ కోర్టు 2009లో కొట్టివేసింది, మరుసటి ఏడు అప్పీలు కోర్టు అదే ఖాయం చేసింది. అదే కాలంలో, అంత ఆర్భాటం లేకుండా, హౌసింగ్ కోర్టులో న్యాయమూర్తి రేమండ్ పియాంకా ఒక్కొక్క ఇంటి కేసుగా కంపెనీలను పిలిపించి ఇంటి పరిస్థితికి జవాబు అడిగేవారు. నా దృష్టిలో పేటకు ఆ విచారణలే ఎక్కువ ఉపయోగపడ్డాయి. ఇంటి నంబరు, ఉల్లంఘన, తేదీ కళ్లముందు ఉన్నప్పుడు సంబంధం దూరమన్న వాదన నిలవదు.

వీధిపోరాటం కూడా ఉండేది. ఈసాప్ అని పిలిచే స్థానిక సంఘం సభ్యులు రుణసంస్థల అధికారుల ఇళ్ల ముందు ప్లాస్టిక్ సొరచేప బొమ్మలు వెదజల్లేవారు. మనిషి ఇంటిదాకా వెళ్లే పద్ధతి నాకు స్వయంగా నచ్చదు. అయినా ఫోన్ ఎత్తని సర్వీసర్లు కొందరు ఆ తరువాతే బల్ల ముందు కూర్చుని ఒప్పందాలు చేసుకున్నారన్నది నిజం.

జరిమానాల గురించి నేను చెప్పదలచుకున్నది ఇది: ఇంటి విలువ కంటే జరిమానా, మరమ్మతు ఖర్చు పెరిగిపోతే కొన్ని సంస్థలు దావాను మధ్యలోనే వదిలేస్తాయి. అప్పు రద్దుచేసుకుని తప్పుకుంటాయి. ఇల్లు పోయిందనుకుని ఊరు విడిచిన పాత యజమాని పేరు మీదే డీడ్ ఉండిపోతుంది, ఆస్తి పన్ను బకాయిలూ మునిసిపల్ నోటీసులూ ఎక్కడో ఉన్న అతన్ని వెతుక్కుంటూ వెళతాయి. అందుకే జరిమానా వేసేటప్పుడే ఇంటిని అందుకునే చేయి ఒకటి సిద్ధంగా ఉండాలి. మాకు 2009లో కౌంటీ స్థాయిలో ల్యాండ్ బ్యాంకు ఏర్పడింది. అది ఫ్యానీ మే వంటి సంస్థల నుంచి నామమాత్రపు ధరకు ఇళ్లు తీసుకుని, నిలబెట్టదగినవాటిని బాగుచేయించి, మిగతావాటిని కూల్చేది.

ట్రిపుల్‌డెకర్:

ఇంతవరకు అందరూ ఇల్లు ఖాళీ అయిన తరువాతి సంగతే మాట్లాడుతున్నారు. బోస్టన్‌లో నేను చూసిన సంఘాలు అంతకుముందే మొదలుపెడతాయి, ఎందుకంటే మనుషులున్న ఇంట్లో పగిలిన పైపు ఆ పూటే బాగవుతుంది. 1973 నుంచి పనిచేస్తున్న సిటీ లైఫ్ వీడా ఉర్బానా అనే సంఘం, ఫోర్‌క్లోజర్ అయిన ఇళ్లలోని అద్దెవాళ్లను, పాత యజమానులను వారం వారం ఒకచోట కూర్చోబెట్టి, వెళ్లిపొమ్మని బ్యాంకు పంపిన ఉత్తరం చూసి బెదరి తాళం అప్పగించవద్దని నేర్పేది. కోర్టులో వకీళ్లు ఒకవైపు, ఖాళీ చేయించే రోజున గుమ్మం ముందు బైఠాయించే పొరుగువారు మరొకవైపు ఉండేవారు. క్రమం తప్పకుండా అద్దె కడుతున్నవాళ్లను సైతం బ్యాంకులు వెళ్లగొట్టడం ఆ రోజుల్లో మామూలు. తగిన కారణం లేకుండా వాళ్లను ఖాళీ చేయించరాదని 2010లో మసాచుసెట్స్ చట్టం చేసింది. బోస్టన్ కమ్యూనిటీ క్యాపిటల్ అనే సంస్థ జప్తయిన ఇళ్లను అప్పటి మార్కెట్ ధరకు బ్యాంకుల దగ్గర కొని, తిరిగి ఆ ఇంటివారికే కట్టగలిగే వాయిదాలతో అమ్మింది.

కాగితాలు చూడమన్న సలహాకు నాదొక చేర్పు. 2011 జనవరిలో మా రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ఇబానెజ్ కేసులో, అప్పు తమకు బదిలీ అయినట్లు చూపలేకపోయిన ట్రస్టీ బ్యాంకుల జప్తులు చెల్లవని తేల్చింది. బదలాయింపులో తేదీలు ముందువెనుకలుగా ఉంటే మీరే తేల్చుకోవాలని చూడకండి, ఆ నకలు తీసుకుని న్యాయ సహాయ సంస్థకు వెళ్లండి.

ఆర్డినెన్స్ రాసేటప్పుడు అత్యాశ కూడదు. మా రాష్ట్రంలోనే స్ప్రింగ్‌ఫీల్డ్ నగరం ఒక్కో ఇంటికి 10,000 డాలర్ల నగదు బాండు కట్టాలని బ్యాంకులను ఆదేశిస్తే, అది పన్ను కిందికి వస్తుందని, నగరానికి ఆ అధికారం లేదని 2014లో అదే న్యాయస్థానం చెప్పింది.

మీ పేటలో నల్లజాతి, లాటినో కుటుంబాలు ఎక్కువన్నారు. ఆ సంగతి పక్కన పెట్టవద్దు. తెల్లవారి పేటల్లో జప్తు ఇళ్లకు గడ్డి కోయించి రంగులు వేయించి, మీవంటి పేటల్లో చెక్కలు కొట్టి వదిలేస్తున్నారని నేషనల్ ఫెయిర్ హౌసింగ్ అలయన్స్, మరో 20 స్థానిక సంస్థలు 2016లో ఫ్యానీ మే మీద కేసు వేశాయి. 2022 ఫిబ్రవరిలో అది 53 మిలియన్ డాలర్లకు రాజీ పడింది. ఆ కేసుకు బలం ఎక్కడో దాచిన రహస్య పత్రాల నుంచి రాలేదు, ఒకే పట్టిక పట్టుకుని ఇంటింటికీ తిరిగి తీసిన వేలాది ఫొటోల నుంచి వచ్చింది. కాబట్టి ఊరికి అవతలి వైపు ఉన్న జప్తు ఇళ్లను కూడా అదే పట్టికతో ఫొటోలు తీయండి.

వీధిచివర:

అందరికీ కృతజ్ఞతలు. క్లర్కు కార్యాలయానికి దరఖాస్తు రాస్తున్నాము. రెండు సందేహాలు మిగిలాయి. పాత యజమానురాలు ఎక్కడున్నారో మా పొరుగావిడకు తెలుసునట, ఆ యజమానురాలిని కదిలించడం మంచిదేనా? రెండవది, ఇల్లు వేలానికి వస్తే పెట్టుబడి కంపెనీకి పోకుండా ఆపే దారి న్యూజెర్సీలో ఉన్నదా?

కౌంటీరికార్డు:

తప్పక కదిలించండి, అందరికంటే ముందు ఆమెనే. వేలం కాకపోతే డీడ్ ఇంకా ఆమె పేరునే ఉన్నదని ఆమెకు తెలియకపోవచ్చు. మీరు చేసే ఫిర్యాదు వల్ల నోటీసు ఆమెకు చేరి, బ్యాంకు తప్పించుకునే ప్రమాదం కూడా ఉన్నది. కాబట్టి ఫిర్యాదులో దావా వేసిన రుణదాత పేరును, దావా నంబరును స్పష్టంగా రాసి, ఆ సంస్థ మీదే చర్య కోరండి. ఆమెకు పేట సమావేశంలో కూర్చోవడం కంటే హౌసింగ్ కౌన్సెలర్‌తో ఒక గంట ఎక్కువ అవసరం. ఆ ఏర్పాటు చేసిపెట్టండి.

రెండవదానికి దారి ఉన్నది. 2024 జనవరిలో వచ్చిన కమ్యూనిటీ వెల్త్ ప్రిజర్వేషన్ చట్టం ప్రకారం, షెరీఫ్ వేలంలో ఇల్లు పోగొట్టుకుంటున్నవారికి, వారి దగ్గరి బంధువులకు, అందులోని అద్దెదారులకు మొదట కొనే అవకాశం, వారి తరువాత లాభాపేక్ష లేని గృహనిర్మాణ సంస్థలకు అవకాశం ఉంటాయి. మామూలు పాటదారు 20 శాతం ధరావతు కట్టవలసిన చోట వీరు 3.5 శాతం కడితే చాలు. అయితే వేలం తేదీ తెలిశాక సంస్థను వెతకడం మొదలుపెడితే సమయం చాలదు. మీ కౌంటీలో అటువంటి సంస్థ ఏదున్నదో ఇప్పుడే చూసి, మీ జాబితా వారి చేతిలో పెట్టండి.

ఆరు నెలలుగా ఎవరూ ఉండని, మరమ్మతు అవసరమైన లేదా పన్ను బకాయి పడిన ఇంటిని ‘వదిలివేసిన ఆస్తి’గా ప్రకటించి, కోర్టు అనుమతితో స్వాధీనంలోకి తీసుకుని బాగుచేయించే అధికారం కూడా మునిసిపాలిటీకి వేరే చట్టం కింద ఉన్నది. కోర్టు ఆలస్యం వల్లే ఇల్లు ఇలా ఉన్నదని సర్వీసర్ వకీలు కౌన్సిల్ ముందు చెబితే, ఖాళీ ఇళ్లకు త్వరగా తీర్పు పొందే పద్ధతి 2012 నుంచీ ఉన్నదని, దాని కోసం వారు ఎప్పుడు దరఖాస్తు చేశారని అడగండి. దావా నంబరు మీ చేతిలో ఉంటుంది కాబట్టి జవాబును అక్కడికక్కడే సరిచూసుకోవచ్చు.