పాత ఎఫ్-150 మిస్‌ఫైర్: కాయిళ్లన్నీ మార్చేయాలా, వైరింగ్ చూడాలా?

శీను_డాలస్: నాది 2003 ఫోర్డ్ ఎఫ్-150, 5.4 లీటర్ వీ8. చిన్న ఎత్తు ఎక్కినా బండి వణుకుతోంది, చెక్ ఇంజిన్ లైటు ఆరుతూ వెలుగుతోంది. స్కానర్‌లో పీ0304 అనే కోడ్ వచ్చింది, అంటే నాలుగో సిలిండర్ మిస్‌ఫైర్ (పెట్రోలు సరిగా అంటుకోకపోవడం). నాలుగో సిలిండర్ కాయిల్ (ప్లగ్గుకి నిప్పురవ్వ కోసం హై వోల్టేజీ ఇచ్చేది) కొత్తది వేశాను. కొన్నాళ్లు బాగానే ఉంది, మళ్లీ మొదలైంది. శనివారం ట్రెయిలర్ తగిలించుకుని ఆస్టిన్ వెళ్లాలి. మిగతా ఏడు కూడా మార్చేయమంటారా?

హ్యూస్టన్_రావు: మార్చేయండి. ఇరవై ఏళ్లు దాటిన బండి. ఎనిమిది కాయిళ్లూ ఒకే వేడిలో ముదిరాయి, ఒకటి పోయిందంటే మిగతావి వరసలో ఉన్నట్టే. ఆ చేత్తోనే ప్లగ్గులూ మార్చండి. ఇంక ఆలోచించే పనే ఉండదు.

తీగల_మూర్తి: కొత్త కాయిల్ వేసినా అదే సిలిండర్ మిస్ అవుతుంటే, పక్కవాటిని మార్చి ఏం లాభం రావు గారూ? శీను గారూ, ముందు మూడో కాయిల్‌నీ నాలుగోదాన్నీ అటూ ఇటూ మార్చి చూడండి. కోడ్ 0303కి వెళితే కాయిల్‌దే తప్పు. 0304 దగ్గరే కూర్చుంటే ప్లగ్గో, పెట్రోలు చిమ్మే ఇంజెక్టరో, తీగో.

నాలుగోది ప్యాసింజర్ వైపు వెనకాల, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) దగ్గర ఉంటుంది. చెయ్యి సరిగా దూరదు కాబట్టి ఎవరో ఒకరు కనెక్టర్ తాళం విరగ్గొట్టే ఉంటారు, చూసుకోండి. కనెక్టర్‌కి రెండు తీగలు. ఎనిమిదింటికీ ఒకే రంగులో ఉన్నది 12 వోల్టుల తీగ, ఒక్కోదానికి వేరే రంగులో ఉన్నది కంప్యూటర్ నుంచి వచ్చేది. కీ ఆన్ చేసి మీటర్ పెడితే 12 చూపించిందని నమ్మకండి, రాగి ఒక్క పోగు మిగిలినా 12 చూపిస్తుంది. పాత హెడ్‌లైట్ బల్బు ఒకటి ఆ 12 వోల్టుల తీగకీ ఇంజిన్ ఎర్త్‌కీ మధ్య పెట్టండి. మసగ్గా వెలిగితే ఆ తీగ పని అయిపోయినట్టే. కంప్యూటర్ తీగకి మాత్రం ఆ బల్బు తగిలించొద్దు.

ఉమ_ఆస్టిన్: లైటు ఆరుతూ వెలుగుతుంటే బండి తిప్పకండి. కాలని పెట్రోలు, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని కాల్చేస్తుంది. తప్పనిసరై కదిలించాల్సి వస్తే ఆ సిలిండర్ ఇంజెక్టర్ ప్లగ్ పీకేసి మెల్లగా వెళ్లండి.

హ్యూస్టన్_రావు: బల్బులూ మీటర్లూ ఎందుకండీ. కనెక్టర్ నిండా డైఎలక్ట్రిక్ గ్రీజు పట్టించి కొత్త కాయిల్‌కి నొక్కేయండి. నా బండికి అదే చేశాను, ఈ రోజుకీ తిరుగుతోంది.

తీగల_మూర్తి: ఆ గ్రీజులోంచి కరెంటు పారదు. అది తడి ఆపడానికి. రబ్బరు బూటు లోపల పల్చగా రాయాలి, పిన్నుల మీద ముద్దలుగా కాదు.

హ్యూస్టన్_రావు: పిన్ను లోపలికి వెళ్లేటప్పుడు గ్రీజుని తోసుకుంటూ వెళుతుంది. రాగి రాగికి తగులుతుంది. నా బండి తిరుగుతోందని చెప్పాను కదా.

తీగల_మూర్తి: పిన్ను బిగువుగా ఉంటేనే తోస్తుంది. ఇరవై ఏళ్లకి సాకెట్ వదులైపోతుంది. కాయిల్ ప్రైమరీ (12 వోల్టులు వెళ్లే చుట్ట) రెసిస్టెన్స్ ఒక ఓమ్ కంటే తక్కువ. కనెక్టర్‌లో ఇంకో ఓమ్ చేరితే కాయిల్‌లోకి వెళ్లాల్సిన కరెంటు వెళ్లదు.

గుంటూరు_మిర్చి: గ్రీజు సంగతి వేరే త్రెడ్‌లో మాట్లాడుకోండి సార్, ఆయన శనివారం బయల్దేరాలి.

హ్యూస్టన్_రావు: నేనూ అదే అంటున్నాను! మూర్తి గారికి బండి కింద దూరి కూర్చునే తీరిక ఉంది. అందరికీ ఉండదు.

తీగల_మూర్తి: తీరిక కాదండీ, దెబ్బ తిని నేర్చుకున్నది. ఒక షాపువాళ్లు నాకు ఎనిమిది కాయిళ్లు వేసి బిల్లు చేతిలో పెట్టారు. నెల తిరక్కుండా మళ్లీ అదే వణుకు. విప్పి చూస్తే కనెక్టర్ తాళం వాళ్లే విరగ్గొట్టి, జిప్ టై కట్టి పంపించారు. ఆ మాట నాకు చెప్పలేదు, బిల్లులోనూ లేదు. మీరిచ్చే సలహా అచ్చం ఆ షాపు సలహాలాగే ఉంది.

హ్యూస్టన్_రావు: నన్ను ఆ షాపుతో పోల్చకండి. అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చినప్పుడు ఐ-45 హైవే మీద ఆగస్టు ఎండలో బండి ఆగిపోయింది. నాన్న షుగర్ పేషెంటు. ఎందుకు ఆగిందో తెలుసా? మీలాగే "కాయిల్ బాగానే ఉంది, తీగ అతికిస్తే చాలు" అని ఒక మెకానిక్ అతికించిన తీగ ఊడిపోయింది. అప్పట్నుంచీ అతుకు మీద నేను కుటుంబాన్ని ఎక్కించను.

తీగల_మూర్తి: నాన్నగారికి అలా జరగడం బాధగా ఉంది. కానీ కొత్త కాయిల్‌ని కూడా ఆ పాత తీగకే తగిలిస్తారు కదండీ. మెలితిప్పి టేపు చుడితే ఏ అతుకైనా ఊడుతుంది. కొత్త పిగ్‌టెయిల్ (తీగ ముక్కలతో వచ్చే కనెక్టర్) తెచ్చి, సరైన ప్లయర్‌తో క్రింప్ చేసి (నొక్కి బిగించి), లోపల జిగురుండే హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం) వేసి, తీగ వంగే చోటికి దూరంగా పెట్టాలి. అలా చేసింది ఊడదు.

హ్యూస్టన్_రావు: మీరు చేస్తే ఊడదేమో. డబ్బులు తీసుకుని చేసేవాడు అంత ఓపిగ్గా చేస్తాడని నేను నమ్మను. నా అభ్యంతరం అదీ.

బెజవాడ_ఆటోనగర్: మా దగ్గర ఎలక్ట్రీషియన్ ముందు తీగే లాగి చూస్తాడు.

శీను_డాలస్: కాయిళ్లు అటూ ఇటూ మార్చాను. 0304 అక్కడే ఉంది. స్కానర్‌లో ఇంకో కోడ్ కూడా ఉంది, పీ0354. మొదట్నుంచీ ఉన్నదే, రెండూ ఒకటే అనుకున్నాను.

తీగల_మూర్తి: ఒకటి కాదండీ! 0304 అంటే ఆ సిలిండర్ మిస్ అవుతోందని మాత్రమే. 0354 అంటే నాలుగో కాయిల్ సర్క్యూట్‌లో కరెంటు తేడా కంప్యూటర్‌కే కనిపించిందని. కాయిల్ మారినా 0354 కదల్లేదంటే తీగో కనెక్టరో. కనెక్టర్ వెనక ఒక్కో తీగనీ వేళ్లతో మెల్లగా లాగండి. లోపల రాగి తెగిన చోట పై తొడుగు రబ్బరులా సాగుతుంది.

శీను_డాలస్: సాగింది. కంప్యూటర్ తీగ, కనెక్టర్‌కి అంగుళం వెనక. తొడుగు కోసి చూస్తే రాగి పచ్చగా పొడిగా రాలింది, రెండు మూడు పోగులే మిగిలాయి. పిగ్‌టెయిల్ తెస్తున్నాను.

తీగల_మూర్తి: మెరిసే రాగి కనపడేదాకా కోసుకుంటూ వెళ్లండి. పచ్చ రంగున్న చోట క్రింప్ చేయొద్దు.

హ్యూస్టన్_రావు: మీరే చేస్తున్నారు కాబట్టి సరే. తీసిన కాయిల్ పారేయకుండా, 7 మిల్లీమీటర్ల సాకెట్‌తో పాటు గ్లోవ్ బాక్స్‌లో పెట్టుకోండి. శుక్రవారమే ట్రెయిలర్ తగిలించి ఒకసారి ఫ్లైఓవర్ ఎక్కించి చూడండి.